గర్భనిరోధక మాత్రలు, ఈస్ట్రడయాల్ మాత్రలు, జెల్: ఏది సురక్షితం?

40 ఏళ్లు దాటి, పొగతాగే అలవాటున్న మీరు, స్త్రీ హార్మోన్ కోసం గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని, చర్మానికి రాసుకునే ఈస్ట్రడయాల్ జెల్‌కు మారడం మేలా అని అడిగారు. మేలే, ఆలస్యం చేయకుండా ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్యుణ్ని) కలవండి. ఆ మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ స్త్రీ హార్మోన్ త్వరగా విచ్ఛిన్నం కాక, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ల తయారీని కాలేయంలో బాగా పెంచుతుంది కాబట్టి, కాలి సిరల్లో రక్తపు గడ్డలు ఏర్పడి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. శరీరంలో సహజంగా ఉండే స్త్రీ హార్మోనైన ఈస్ట్రడయాల్ మాత్రలు అంతకంటే నయమే కానీ, మింగినవి ముందుగా కాలేయానికే చేరతాయి. చర్మం ద్వారా నేరుగా రక్తంలో కలిసే జెల్, ప్యాచ్‌లే మీకు తగినవని నా అభిప్రాయం. పొగ మానడం కూడా అంతే ముఖ్యం. పురుష హార్మోన్‌ను అణచే సైప్రోటిరోన్ అనే మందు వాడుతుంటే మోతాదు వైద్యుడికి తప్పక చెప్పండి, ఎందుకంటే రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించిన మోతాదుల్లో మెదడు పొరల్లో కణితి ఏర్పడే ముప్పును చూసి 2020లో యూరప్ ఔషధ సంస్థ ఆంక్షలు సూచించింది. ఒక కాలు వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.