పాప చదువుతోందా, అప్పజెబుతోందా?

ప్రశ్న: మా అమ్మాయి ఊళ్ళో ప్రభుత్వ బడిలో మూడో తరగతి. పాఠం గడగడా చదివేస్తుంటే మురిసిపోయాను. మొన్న అదే పాఠంలో మధ్య మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే బిక్కమొహం వేసింది. రాకపోయినా పైతరగతికి పంపేయడం వల్లేనా ఇదంతా? ఇంకో ఏడాది ఇదే తరగతిలో ఉంచమని అడగనా?
– ఓ తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: అడగొద్దమ్మా. పాప విన్నది గుర్తుపెట్టుకుని అప్పజెబుతోంది. కూడబలుక్కోవడం రాని పిల్లకి క్లాసులో నెట్టుకురావడానికి దొరికిన దారి అది, అందుకు తెలివే కావాలి. మళ్ళీ అక్కడే కూర్చోబెడితే అవే పాఠాలు ఇంకాస్త గట్టిగా కంఠతా వస్తాయి, అంతే.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపొద్దంది. 2019లో సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పి, రెండు నెలల్లో మళ్ళీ రాసినా రాకపోతే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాలకి వదిలారు. మూడో తరగతికి అదీ వర్తించదు. నా బాధ వేరే. ఆపొద్దన్న ఆ చట్టమే పిల్లల్ని ఏడాది పొడవునా గమనిస్తూ మూల్యాంకనం చేయమంది, చాలా చోట్ల అది రిజిస్టర్లు నింపే పనై కూర్చుంది. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో ఊళ్ళలో చూసే అసర్ సర్వే 2024లో చేసినప్పుడు దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతమే. మీ పాప ఒక్కతే కాదు.

మన రాష్ట్రంలో 2022లో బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం పెట్టింది ఇందుకే, ఐదో తరగతి దాకా ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో చూసి అక్కడినుంచి నేర్పాలని. కాబట్టి టీచర్‌ని కలిసినప్పుడు మార్కుల సంగతి పక్కన పెట్టి, పాప గుణింతాల దగ్గర ఆగిందా, ఒత్తుల దగ్గర ఆగిందా అని అడగండి.

ఇంట్లో మాత్రం, ఇంగ్లిష్ మీడియం అని టెన్షన్ పడి రెండు భాషల పుస్తకంలో తెలుగు పేజీ వదిలేయకండి. ‘అక్క’ని ‘అక’ అని చదివితే కసరకుండా, అక్కని ఎలా పిలుస్తావో పిలువు అనండి, క కింద ఒత్తు ఎందుకుందో దాని నోటికే తెలుస్తుంది. రోజూ పది నిమిషాలు చాలు, కానీ కంఠతా వచ్చిన పాఠం వద్దు, కొత్త కథ కావాలి. బడి బీరువాకి తాళం వేసి ఉంటే తీసి పుస్తకం ఇమ్మని మొహమాటం లేకుండా అడగండి, ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా లైబ్రరీ ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది.