తాతల నాటి పెంకుటింటికి 26 లక్షలు పెట్టే ముందు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మామయ్యగారు పోయాక అత్తయ్యగారు ఒక్కరే ఉండలేకపోతున్నారని, పోయిన జూన్‌లో పిల్లలిద్దరినీ తీసుకుని హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చేశాం. మా వారికి వర్క్ ఫ్రమ్ హోమ్, జీతం చేతికి 1,10,000. నేను ఇక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను, 42,000 వస్తుంది. హైదరాబాద్ ఫ్లాట్‌కి 19,000 అద్దె వస్తుంది, దాని ఈఎంఐ 31,000. ఇంటి ఖర్చు 52,000, పిల్లల ఫీజులు, వ్యాను కలిపి 12,000, మందులకూ పాలసీలకూ 9,000, సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్స్‌లో వేసేవి) 20,000. ఎఫ్‌డీలు 14 లక్షలు, పిల్లల చదువుకని మ్యూచువల్ ఫండ్స్‌లో 9 లక్షలు ఉన్నాయి. ఇల్లు మా వారి తాతగారు కట్టించిన మండువా పెంకుటిల్లు, 18 సెంట్ల స్థలం. విడిగా 1.20 ఎకరాల కొబ్బరి తోట కౌలుకిచ్చాం, ఏడాదికి 60,000. ఈ వానలకు ఇల్లు మూడు చోట్ల కారింది. కాంట్రాక్టరు మొత్తం బాగు చేయడానికి 26 లక్షలు అంటున్నాడు, పడగొట్టి స్లాబ్ ఇల్లు కడితే 45 లక్షలట. ఫ్లాట్ అమ్మాలా, తోటలో 40 సెంట్లు అమ్మాలా, లోన్ తీసుకోవాలా? మా ఆడపడుచు రాజమండ్రిలో ఉంటారు. మా మధ్య ఏ గొడవా లేదు.

జవాబు: పెద్దావిడ కోసం ఊరికి వచ్చేశారు, చాలా మంచి పని చేశారు. ఆ ఇల్లు బాగుపడాలి, మీరు అందులో నిశ్చింతగా ఉండాలి. కానీ మీరడిగిన మూడింటిలో ఏదీ ఇప్పుడు చేయకండి. ముందు తేల్చుకోవాల్సింది ఆ ఇల్లు ఎవరిది అన్నది.

మామయ్యగారు వీలునామా రాశారని మీ ఉత్తరంలో లేదు. రాయకపోతే ఆ ఇంట్లోనూ తోటలోనూ అత్తయ్యగారికీ, మీ వారికీ, ఆడపడుచుగారికీ ముగ్గురికీ హక్కు ఉంటుంది. పెళ్లయిన ఆడపిల్లకు వాటా ఉండదన్న మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది, అది ఎప్పుడో పోయిన మాట. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. పంచాయతీలో ఇంటి పన్ను రసీదు మీ వారి పేరుకు మార్పించుకున్నంత మాత్రాన ఇల్లు ఆయన పేరున పడినట్టు కాదు.

గొడవ లేదన్నారు. గొడవ లేనప్పుడే కాగితం రాసుకోవాలి. 26 లక్షలు పెట్టిన పదేళ్లకు ఆడపడుచుగారి పిల్లలకు డబ్బు అవసరం పడి వాటా అడిగారనుకోండి, ఏ విలువ మీద లెక్కగడతారు? పాత ఇంటి విలువ మీదా, మీరు బాగు చేసిన ఇంటి విలువ మీదా? అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోయేది ఇక్కడే. అందుకే ఇల్లు ఇప్పుడున్న స్థితిలో, కారుతున్న కప్పుతో సహా, విలువ కట్టించండి. ఆవిడ వాటా వద్దంటే హక్కు విడుదల పత్రం, కావాలంటే భాగ పంపకాల దస్తావేజు, ఏదైనా సరే రిజిస్టర్ కావాలి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలు సరిపోవు. ఆవిడకు తోటలో కొంత రాసి, ఇల్లు మీరు ఉంచుకోవడం కూడా ఒక దారి. ఏం చేసినా అత్తయ్యగారు బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కును దస్తావేజులోనే రాయించండి. కొడుకు చూసుకుంటాడు కదా అని ఆవిడ చేత అంతా రాయించేసుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. రేపు ఏం జరిగినా ఆవిడ నిశ్చింతగా ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. పల్లెటూళ్లో ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంటాయి, తాతల నాటి వాటికి రిజిస్టర్ అయిన దస్తావేజే ఉండదు. మీదీ అలాంటిదైతే మంచి లాయరుకు చూపించి, ఉన్న పాత కాగితాలన్నీ ఒకచోట చేర్చండి. దస్తావేజు లేని ఇంటి మీద బ్యాంకులు తేలిగ్గా లోన్ ఇవ్వవు. 40 సెంట్లు అమ్మాలన్నా ముగ్గురూ సంతకం పెట్టాల్సిందే. అంటే ఏ దారిన వెళ్లినా మొదటి మెట్టు కాగితమే. ఈ కార్తీకంలో మొదలుపెడితే సంక్రాంతి నాటికి ఓ కొలిక్కి వస్తుంది.

ఇక డబ్బు. మీరు రాసిన లెక్క ప్రకారం తోట కౌలు కలపకుండా నెలకు 1,71,000 వస్తుంది. సిప్‌లతో సహా 1,24,000 పోతుంది. మిగిలేది 47,000, అంటే ఏడాదికి 5.6 లక్షలు. బాగానే ఉంది. నన్ను ఆలోచనలో పడేసింది మీ వారి ఉద్యోగం. కంపెనీ రేపు ఆఫీసుకు రమ్మంటే వెళ్లలేక ఆయన మానేసినా, లేదా ఆ ఉద్యోగమే పోయినా, మీ జీతం, ఫ్లాట్ అద్దె కలిపి 61,000 మిగులుతాయి. సిప్‌లు ఆపేసినా ఖర్చులు 1,04,000. నెలకు 43,000 లోటు. ఎఫ్‌డీల్లో 6.5 లక్షలు కదపకుండా ఉంచితే ఆ లోటును 15 నెలలు లాగగలరు. మిగిలిన 7.5 లక్షలు, ఈ ఏడాది మిగులు 5.6 లక్షలు కలిపితే 13 లక్షల పైమాటే. మీ మొదటి విడత బడ్జెట్ అదే.

మీ ఉత్తరంతో పంపిన కాంట్రాక్టరు ఎస్టిమేట్ మూడుసార్లు చదివాను. అందులో కప్పుకీ కలపకీ 6.5 లక్షలు, వైరింగ్‌కి 1.4, బాత్రూములు, సెప్టిక్ ట్యాంక్, నీళ్ల లైన్లకి 2.8, గోడల చెమ్మకీ నేలకీ 2.3. సరిగ్గా 13. మిగతా సగం మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, గ్రానైట్, ప్రహరీ, గేటు, కారు షెడ్డు. ఈ రెండో సగం లేకపోతే ఎవరికీ ఇబ్బంది లేదు. మొదటి సగం లేకపోతే పిల్లల మీద పెంకు పడుతుంది, పాత వైరింగ్‌తో షాక్ కొడుతుంది. కాబట్టి సంక్రాంతి వెళ్లగానే కప్పు విప్పండి, రోహిణి కార్తె లోపల మూసేయండి. తొలకరి వచ్చేసరికి ఇంటి మీద టార్పాలిన్ కప్పి ఉండే పరిస్థితి రానివ్వకండి. మండువాలో ఎక్కడెక్కడ కారిందో ఇప్పుడే సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి, ఎండాకాలంలో ఎవరికీ గుర్తుండదు.

పడగొట్టాలా వద్దా అన్నది కాంట్రాక్టరును అడిగి తేల్చుకోకండి, 45 లక్షల పని ఎవరికైనా ముద్దే. పెంకుటిళ్లు కట్టిన అనుభవం ఉన్న ముసలి వడ్రంగిని ఒకరిని పిలిచి, రోజు కూలి ఇచ్చి చూపించండి. ఆయన దూలం మధ్యలో చూడడు, గోడలోకి దిగిన చోట చూస్తాడు. చెమ్మ పట్టేదీ చెద తినేదీ అక్కడే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుందా, తడితే డొల్ల శబ్దం వస్తుందా, అది చూస్తే తెలిసిపోతుంది. పాడైన వాసాలు నాలుగైతే నాలుగే మార్చొచ్చు. 'పాత కలప నేను తీసుకుపోతా, మీకు కూలి తగ్గిస్తా' అని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోకండి. ఆ కాలపు టేకు దూలాలకు ఇవాళ మంచి ధర ఉంది. విప్పిన ప్రతి దూలం, ప్రతి తలుపు మీ పెరట్లోనే లెక్కపెట్టి పేర్పించండి. ఇంకొక్కటి, సున్నంతో కట్టిన గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే చెమ్మ లోపలే చిక్కుకుని రెండేళ్లలో పెచ్చులూడుతుంది. అది చేయించి మళ్లీ ఊడగొట్టించడం అంటే 2.3 లక్షలు రెండుసార్లు పెట్టడమే.

పాత ఇంట్లో విప్పాక కొత్త ఖర్చు బయటపడకుండా ఉండదు. 13 లక్షలకు ఇంకో 20 శాతం, అంటే 2.6 లక్షలు మనసులో ఉంచుకోండి. నిజంగా అవసరం పడితే ఫ్లాట్ హోమ్ లోన్ మీదే 3 లక్షలు టాప్-అప్, అంటే అదనపు లోన్ తీసుకోండి. 9 శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లకు ఈఎంఐ 6,230 దాకా పడుతుంది. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) రేటు అయితే ముందే తీర్చేసినా పెనాల్టీ ఉండదు. కాంట్రాక్టరు తనకు తెలిసిన ఏజెంటు ద్వారా పర్సనల్ లోన్ ఇప్పిస్తానంటే వద్దనండి. 10 లక్షలు 13 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 22,750, మొత్తం కట్టేది 13.65 లక్షలు. పన్నులో కలిసొస్తుందని ఎవరైనా చెబితే, సొంతంగా ఉండే ఇంటి రిపేరు లోన్ వడ్డీకి ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, అదీ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉంటే అదీ లేదు.

ఫ్లాట్ రెండేళ్లు ఉంచండి. ఈఎంఐకీ అద్దెకీ మధ్య 12,000 చేతి నుంచి పడుతోంది, నిజమే. కానీ మీ వారిని ఆఫీసుకు రమ్మంటే ఆయన దిగడానికి నీడ అదే. పైగా అమ్మితే లాభం మీద పన్ను పడుతుంది. ఆ డబ్బుతో పాత ఇల్లు రిపేరు చేయిస్తే కొత్త ఇల్లు కొన్నప్పుడు వచ్చే మినహాయింపు సాధారణంగా రాదు. రెండేళ్లకు ఈ ఊళ్లోనే స్థిరపడతామని తేలాక అమ్మే మాట ఆలోచిద్దాం.

తోట జోలికి పోకండి. పట్టణానికి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే పన్ను లేదని బ్రోకరు చెప్పే ఉంటాడు. అమలాపురం మున్సిపాలిటీ హద్దు నుంచి ఎంత దూరమన్నది అందులో కీలకం, అయినా మీ విషయంలో అది రెండో సంగతి. గేటూ గ్రానైటూ కోసం కాపునిచ్చే చెట్లను అమ్ముకోవడం నాకు మింగుడుపడదు. అలాగని 60,000 కౌలును నమ్ముకుని ఈఎంఐ పెట్టుకోకండి. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర ఎలా ఊగుతుందో మీకు తెలిసిందే, దానికి తెల్లదోమ తోడైతే కౌలుదారే కట్టలేనంటాడు. ఆ డబ్బును విడి ఖాతాలో వేసి ఏటా ఇంటి మెయింటెనెన్స్‌కి వాడండి. పెంకులు సర్దడానికీ చెద మందుకూ ఎప్పుడూ ఎంతో కొంత కావాలి. పిల్లల 9 లక్షలూ, సిప్‌లూ, అత్తయ్యగారి బంగారమూ ఈ లెక్కలోకి రానే కూడదు.

పని మొదలయ్యాక కాంట్రాక్టరుకు అడ్వాన్స్ పది శాతం దాటనివ్వకండి. కలప, పెంకులు మీరే కొని, కూలి పని కొలతను బట్టి ఇవ్వండి. చివరి పది శాతం మొదటి పెద్ద వాన పడ్డాకే ఇస్తామని ముందే రాయించుకోండి. కప్పు పని అయిపోగానే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి. తుఫాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులో ఉంటాయి. 1996 తుఫాను చూసిన కోనసీమలో ఇది లేకుండా ఉండటం సాహసమే. పెంకు కప్పు ఉన్న పాత ఇల్లని అప్లికేషన్‌లో దాచకుండా రాయండి. చెదల వల్ల వచ్చే నష్టానికి మాత్రం పరిహారం రాదు. సోలార్ ఆలోచన ఉంటే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, కానీ కప్పు బరువు మోస్తుందో లేదో వడ్రంగి చెప్పాకే.

కొత్తగా కట్టించిన వాటి బిల్లులన్నీ, అంటే బాత్రూములు, కొత్త నేల లాంటివి, తేదీలతో ఒక ఫైల్లో పెట్టండి, చెల్లింపులు బ్యాంకు ద్వారానే చేయండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఆ ఖర్చు లాభంలోంచి తీసేసి మిగిలినదాని మీదే పన్ను వేస్తారు. చిన్నచిన్న మరమ్మతులకు అది వర్తించదు, అందుకని వాటి బిల్లులు విడిగా ఉంచండి. ఆడపడుచుగారితో మాట్లాడాక ఆవిడ ఏమన్నారో రాయండి. ఆవిడ వాటా డబ్బుగా అడిగితే ఈ లెక్కంతా మళ్లీ వేయాలి, అప్పుడు ఫ్లాట్ సంగతి వేరేగా చూద్దాం.