మీ ప్రశ్నలు – మా జవాబులు: కథల పుస్తకం తనే చదువుకోవాలంటే

ప్రశ్న: మా అమ్మాయికి ఆరేళ్లు. తెలుగు కథలు మేం చదివితే ఎంతసేపైనా వింటుంది. తనను చదవమంటే పుస్తకం మూసేస్తుంది. అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ రాయించాం. లోపం ఎక్కడుంది?

జవాబు: ఇష్టంగా వింటోందంటే సగం పని అయినట్టే. తనకు చదవడం వచ్చాక కూడా వినిపించడం మానకండి. లోపం మీరు నేర్పిన వరుసలో ఉంది. యాభై ఆరు అక్షరాలూ, గుణింతాలూ పూర్తయ్యేదాకా ఒక్క మాట కూడా చదవనివ్వకపోతే పిల్లలకు తెలుగంటే చెయ్యి నొప్పెట్టే రాతపనే. ఌ, ౡ కథల పుస్తకాల్లో కనబడనే కనబడవు, వాటికి తొందరేముంది?

త, ల, వ, ప, క – ఈ అయిదింటితో మళ్లీ మొదలుపెట్టండి. తల, వల, కల, పలక వచ్చేస్తాయి. దీర్ఘం చేర్చితే తాత, పాప, పాక. ‘మ’, ‘వు’ దగ్గర చాలామంది పిల్లలు తడబడతారు, ‘ఆవు’ను ‘ఆమ’ అంటారు. అది అశ్రద్ధ కాదు, రెండూ నిజంగానే ఒకేలా ఉంటాయి. పక్కపక్కన పెద్దగా రాసి, కొమ్ము ఎక్కడ మొదలవుతోందో వేలితో దిద్దించండి. ప, ష కూడా ఒకే రోజు నేర్పవద్దు.

అసలు అడ్డంకి ఒత్తులు. త, న, మ, య, ర, ల – ఈ ఆరింటి ఒత్తు అసలు అక్షరాన్ని పోలి ఉండదు. అందుకే అక్షరాలన్నీ వచ్చిన పిల్లలు కూడా కథలో ఆగిపోతారు. అదృష్టం ఏమిటంటే ఆ ఆరూ ఇంట్లో మాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్లి. అట్టముక్కల మీద రాసి రోజుకొకటి చూపించండి.

ఆ తర్వాత పేజీకి ఒకటి రెండు వాక్యాలుండే బొమ్మల పుస్తకం పట్టండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఇలాంటి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయివే తీసుకోండి. మీరొక వాక్యం, తనొక వాక్యం, పది నిమిషాలు చాలు. ఎక్కడైనా ఆగితే కాసేపు చూసి మాట మీరే అందించి ముందుకు సాగండి. పేజీలో నాలుగైదు చోట్ల ఆగుతోందంటే ఆ పుస్తకం ఇప్పటికి మీరు చదివి వినిపించాల్సిందే. చివర్లో ‘నీతి ఏమిటి?’ అని మాత్రం అడగవద్దు. కథ పరీక్ష అయిపోతుంది.

ప్రశ్న: చిన్నప్పుడు చదివిన పత్రికలు బైండు చేయించి దాచుకున్నాను. పురుగు పట్టింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. మనవడికి చూపించాలని ఉంది.

జవాబు: ఎండలో పెట్టకండి. చవక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురు తగిలితే దానివల్ల కాగితం ఇంకా పసుపెక్కి పెళుసవుతుంది. సెల్లోటేపు అసలే వద్దు, జిగురు మరకై కాగితంలోకి దిగుతుంది.

తడి లేని సంపుటాన్ని ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి, పురుగులు చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి. విప్పితే చల్లటి కాగితం మీద చెమ్మ పట్టి బూజు వస్తుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో లోపలి నుంచి అంచు వైపు దులపండి.

చదివేటప్పుడు బల్ల మీద పూర్తిగా పరవకుండా, రెండు అట్టల కిందా దిండ్లు పెట్టి సగమే తెరవండి. పేజీలు మరీ విరుగుతుంటే ఫోన్‌తో ఫొటోలు తీసి మనవడికి వాటిలోంచే చదివి వినిపించండి. అట్ట మాత్రం చేతికివ్వండి, మీ చిన్ననాటి పుస్తకాన్ని మనవడు పట్టుకుని చూడాలి కదా.