అమ్మకు కళ్లు తిరుగుతున్నాయి: డాక్టరు మాత్రలతో పాటు కషాయం వాడవచ్చా?

అమ్మగారికి అరవై ఏళ్లని, మూడు వారాలుగా మంచం మీద పక్కకు ఒత్తిగిలితే చాలు ఇల్లంతా గిర్రున తిరుగుతోందని రాశారు. డాక్టరు కళ్లు తిరగడానికి బీటాహిస్టిన్ అనే మాత్రలు ఇచ్చారు, మీ పెద్దమ్మగారేమో ఆ మాత్రలు మానేసి పూర్తిగా ఆయుర్వేదానికి మారమంటున్నారు. రెండూ కలిపి వాడవచ్చా అన్నది మీ ప్రశ్న. వాడవచ్చు, నేను వాడాను. కానీ ఏది ఎందుకు వాడుతున్నామో తెలిసి వాడాలి. అది తెలియక నేను రెండు నెలలు అవస్థ పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నాకు యాభై ఆరేళ్లు, ఉండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. నిరుడు కార్తీకంలో ఒక తెల్లవారుజామున కుడి పక్కకు తిరిగాను. గోడ, కిటికీ, దేవుడి పటాలు అన్నీ ఒకే వైపు పరుగెత్తాయి. మంచం పట్టె పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నా తిరుగుడు ఆగలేదు. అర నిమిషంలో దానంతట అదే తగ్గింది గానీ ఆ వెంటనే వాంతి, రోజంతా వికారం. ఆ రోజు నుంచి అటక మీది జాడీ కోసం తల ఎత్తినా, తలంటుకునేటప్పుడు తల వెనక్కి వాల్చినా అదే వరస.

మందుల దుకాణంలో చెప్పుకుంటే వికారాన్ని, తిరుగుడును అణిచే ప్రోక్లోర్‌పెరజైన్ మాత్రలు ఇచ్చారు. వికారం తగ్గింది, మత్తుగా ఉండేది. తగ్గింది కదా అని నెలన్నర మింగాను. అది నా తప్పు. ఇటువంటి మాత్రలు తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులకే. అదే పనిగా వాడితే మెదడు తన తూకాన్ని తాను సరిదిద్దుకోవడం ఆలస్యమవుతుంది. ఇంతలో మా బంధువు ఒకావిడ చెవిలో గోరువెచ్చని నూనె పోశారు. దయచేసి మీరు ఆ పని చేయనివ్వకండి. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా చెవిలో ఏదీ పోయకూడదు.

చివరికి మద్దిలపాలెం దగ్గర ఒక ఆయుర్వేద వైద్యుడి వద్దకు వెళ్లాను. ఆయన నాడి చూశారు, అంతకు ముందు వాడిన మందులన్నీ అడిగి రాసుకున్నారు. కళ్లు తిరగడాన్ని ఆయుర్వేదంలో ‘భ్రమ’ అంటారనీ, రజోగుణం, పిత్తం, వాతం కలిసి దానికి కారణమవుతాయనీ చెప్పి, నస్యం చేద్దామన్నారు. అంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వాల్చి ముక్కులో అణుతైలం చుక్కలు వేయడం. తల వాలగానే నాకు మళ్లీ మొదలైంది. ఆయన చుక్కలు వేయడం మానేసి నా కళ్లలోకి చూశారు. కనుగుడ్లు ఒక పక్కకు కొట్టుకుంటున్నాయట. మెల్లగా లేపి కూర్చోబెట్టి, “అమ్మా, మీరు ముందు చెవి డాక్టరుకు చూపించుకుని రండి, ఇది లోపలి చెవిలో సంగతిలా ఉంది. అది తేలాక మిగతాది నేను చూస్తాను” అన్నారు. నన్ను ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు పంపింది ఆయుర్వేద వైద్యుడే. మీ పెద్దమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఈఎన్‌టీ డాక్టరు బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి పట్టుకుని, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. ఒకటి రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత పైన ఆగి ఉన్న ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి నా తలను వదల్లేదు, “కళ్లు మూయకండి, కళ్లు మూయకండి” అంటూనే ఉన్నారు. ఆ పరీక్ష పేరు డిక్స్-హాల్‌పైక్, 1952 నుంచి వాడుకలో ఉంది. ఎడమ వైపు చేస్తే ఏమీ కాలేదు. అంటే జబ్బు కుడి చెవిలో.

సంగతి ఏమిటంటే, లోపలి చెవిలో మన తూకం చూసే చోట సన్నని సున్నపు రేణువులు ఉంటాయి. అవి ఊడి, పక్కనే ఉన్న అర్ధవృత్తాకార నాళంలోకి జారితే, తల కదిలినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదిలించి, లేని తిరుగుడును మెదడుకు చెబుతాయి. దీన్ని బీపీపీవీ అంటారు. జారిన రేణువును మాత్ర కరిగించదు, కషాయమూ కరిగించదు. దాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపాలి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1980లో చూపించిన పద్ధతి ఇందుకే. తలను నాలుగైదు భంగిమల్లో, ఒక్కోదాంట్లో అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచుతూ తిప్పుతారు. నాకు మొదటి రోజు చేశారు, వారం తర్వాత ఇంకోసారి. రెండు నెలల బాధ పది నిమిషాల పనితో పోయింది. అమ్మగారికి మెడ నొప్పి గానీ వెన్నుపూస అరుగుదల గానీ ఉంటే ముందే చెప్పండి. ఏ చెవో తెలియకుండా ఫోనులో వీడియో చూసి ఇంట్లో చేయించకండి.

బీటాహిస్టిన్ ముఖ్యంగా ఇచ్చేది మెనియర్ అనే మరో లోపలి చెవి జబ్బుకు. అందులో తిరుగుడు గంటల తరబడి ఉంటుంది, చెవిలో హోరు, వినికిడి తగ్గడం కూడా ఉంటాయి. అమ్మగారికి ఉబ్బసం గానీ కడుపులో పుండు గానీ ఉంటే ఆ మాత్ర గురించి డాక్టరును మళ్లీ అడగండి. మానాలో వద్దో ఆయనే చెప్పాలి, పెద్దమ్మగారు కాదు.

మరి ఆయుర్వేదం నాకు ఏమి చేసింది? ఎప్లీ అయ్యాక కూడా మూడు నాలుగు వారాలు తల తేలికగా, మబ్బుగా ఉండేది. అన్నం సయించేది కాదు, పడుకోవాలంటే భయం. ఆ మిగులును తీర్చింది వైద్యుడి మందులే. దురాలభ అనే మూలిక కషాయంలో అర చెంచా నెయ్యి వేసి పొద్దున్నే ఇచ్చారు. భ్రమకు ఇది పాత యోగం. ఇంట్లో రాత్రి ఒక చెంచా ధనియాలు, రెండు ఎండు ఉసిరి ముక్కలు కచ్చాపచ్చాగా దంచి గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున వడకట్టి కాస్త పటికబెల్లంతో తాగేదాన్ని. మధుమేహం ఉంటే పటికబెల్లం వద్దు. వికారానికి శొంఠి నిజంగా పనిచేసింది. తలకు క్షీరబలా తైలం రాసుకుంటే నిద్ర పట్టేది. నస్యం మాత్రం పూర్తిగా తగ్గాకే మొదలుపెట్టారు.

వనమూలికలే కదా, ఏమీ చేయవు అనుకోకండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు శొంఠి ఎక్కువగా తీసుకోకూడదు. అతిమధురం రక్తపోటు పెంచుతుంది. థైరాయిడ్ మాత్రలు వాడేవారు అశ్వగంధ అడగకుండా మొదలుపెట్టకూడదు. పాదరసం కలిసిన రస ఔషధాలు దుకాణంలో అడిగి కొనుక్కునేవి కావు. నేను ఒక నోటుబుక్కులో మాత్రలు, కషాయాలు అన్నీ రాసి ఇద్దరు వైద్యులకూ చూపించేదాన్ని. ఈఎన్‌టీ డాక్టరు ‘విటమిన్ డి’ పరీక్ష చేయిస్తే తక్కువగా ఉంది, మాత్రలు రాశారు. విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి దాన్ని కాల్షియంతో కలిపి ఇస్తే బీపీపీవీ తిరగబెట్టడం తగ్గుతుందని 2020లో దక్షిణ కొరియా పరిశోధకులు చూపించారు.

తిరుగుడుతో పాటు మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి బలం తగ్గినా, అసలు నిలబడలేకపోయినా అది చెవి జబ్బు కాకపోవచ్చు, పక్షవాతం కావచ్చు. ఏ కషాయమూ కాచుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి.

అటువంటివేమీ లేకపోతే, రేపు అమ్మగారిని విశాఖలోని కేజీహెచ్ పెద్దాసుపత్రిలోనో మీకు దగ్గరలోనో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఏ పక్కకు తిరిగితే వస్తోంది, ఎన్ని క్షణాలుంటోంది, చెవిలో హోరు ఉందా అన్నవి ఈ రాత్రే అడిగి రాసి పెట్టుకోండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం అంచున కూర్చుని లేవమనండి, స్నానాల గదిలో గడియ వేసుకోవద్దని చెప్పండి. డాక్టరు ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.