ముందు నాడి చూడమ్మా

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. దెబ్బ తగిలిన కాలిలో రక్తనాళం తెగిందేమోనని అనుమానం వస్తే ఏం చెయ్యాలని అడిగావు. రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాన్ లేదు, రక్తనాళాల సర్జన్ లేరు, ఉన్నదల్లా నువ్వూ ఒక మత్తు డాక్టరూ అని రాశావు. నేనూ అలాంటి చోటే ఎక్కువ కాలం పనిచేశాను. అక్కడ కాలిని కాపాడేవి నీ వేళ్లు, బీపీ పట్టీ, గోడ గడియారం.

నా తొలి రోజుల్లో మోకాలి కీలు తప్పిన కుర్రవాడు వచ్చాడు. కీలు సరిచేశాను. పాదం మీద నాడి అందలేదు. పాదం వెచ్చగానే ఉంది కదా, నాళం ముడుచుకుని ఉంటుంది, తెల్లవారేసరికి సర్దుకుంటుంది అనుకున్నాను. తెల్లవారేసరికి పిక్క రాయిలా బిగిసిపోయింది. బొటనవేలు కదపమంటే కదపలేకపోయాడు. కాలు తీసేయాల్సి వచ్చింది. నాడి లేకపోతే నాళానికి దెబ్బ తగిలిందనే అనుకో. ముడుచుకుందని మాత్రం ఎన్నడూ సరిపెట్టుకోకు.

రక్తం చిమ్ముతున్నా, వాపు కళ్లముందే పెరుగుతున్నా, చెయ్యి పెడితే జుమ్మని అదురు తగిలినా, నాడి లేక పాదం చల్లబడినా పరీక్షల కోసం ఆగకు. నేరుగా థియేటర్‌కు తీసుకెళ్లు.

అనుమానం మాత్రమే ఉంటే, దెబ్బ తగిలిన కాలికి చీలమండ పైన పట్టీ చుట్టి, చేతి డాప్లర్‌ను, అంటే రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే చిన్న పరికరాన్ని, పాదం నాడి మీద ఉంచు. చప్పుడు ఆగేదాకా గాలి ఎక్కించి, మెల్లగా వదులు. చప్పుడు తిరిగి వినిపించిన అంకె రాసుకో. దెబ్బ తగలని చేతికీ అలాగే చెయ్యి. కాలికి 90, చేతికి 120 వస్తే నిష్పత్తి 0.75. అది 0.9 కంటే తగ్గితే నాళం సంగతి తేలేదాకా రోగిని వదలకూడదు. డాప్లర్‌లో చప్పుడు వినబడింది కదా అని ఊరుకోకు, పక్కదారి నాళాల్లో పారే రక్తం కూడా చప్పుడు చేస్తుంది. రోగి రక్తపోటు పడిపోయి షాక్‌లో ఉంటే ఈ లెక్క నమ్మకు. కోలుకున్నాక మళ్లీ చూడు.

రక్తపు మడుగులో ఫోర్సెప్స్ గుడ్డిగా దించకు, పక్కనే నరం ఉంటుంది. వేలితో నొక్కిపట్టు. గజ్జలో, మెడలో లోతైన గాయానికి వేలు చాలకపోతే కొసన బుడగ ఉండే మూత్రపు గొట్టం, ఫోలీ కాథెటర్, దూర్చి ఆ బుడగ నింపు.

కుట్టడం చేతకాదని మోకాలి వెనుక ధమనిని ముడి వేసి ఊరుకోకు. రెండో ప్రపంచ యుద్ధపు 2,471 ధమని గాయాల లెక్కను 1946లో అమెరికన్ సర్జన్లు డిబేకీ, సిమియోన్ ప్రచురించారు. అప్పట్లో ముడి వేయడమే వాడుక. దాదాపు సగం మందికి అవయవం పోయింది. కొరియా యుద్ధంలో నాళాన్ని కుట్టి బాగుచేయడం మొదలయ్యాక అది 13 శాతం దగ్గరికి దిగింది. నీకు కుట్టడం రాకపోతే నాళంలో గడ్డకట్టిన రక్తం తీసి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్‌తో కడిగి, స్టెరైల్ సెలైన్ గొట్టం ముక్కను రెండు కొసల మధ్య దూర్చి సిల్కు దారంతో బిగించు. రక్తం పాదానికి చేరుతుంది, నీకు వ్యవధి దొరుకుతుంది. రక్తం అందక ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోతుంది. ఆలస్యమైన కాలికి, పెద్దాసుపత్రికి పంపేముందే పిక్కలోని కండలను బిగించి ఉంచే పొరలను కోసి నాలుగు గదులూ విప్పు.

పంపే కాగితం మీద దెబ్బ తగిలిన సమయం, గొట్టం పెట్టిన సమయం పెద్ద అక్షరాలతో రాయి. వెంట వెళ్లే నర్సును దారిలో నాడి చూస్తూ ఉండమను. అవతలి సర్జన్‌కు నువ్వే ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు