హాస్పిస్ పోస్టింగ్ నుంచి వచ్చి, అదే చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ నాలుగో సంవత్సరం. హాస్పిస్‌లో, అంటే నయం కాని జబ్బులున్నవాళ్లను చివరి రోజుల్లో చూసుకునే చోట, రెండు వారాల పోస్టింగ్ చేసి వచ్చి, పాలియేటివ్ మెడిసిన్ (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) చేస్తానంటోంది. నయం కాని రోగుల మధ్య రోజూ ఉంటే మనసు పాడవదా? అసలు అక్కడ డాక్టరు చేయడానికి ఏముంటుంది? – ఓ తండ్రి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఈ మాట కొందరు డాక్టర్లే అంటుంటారు లెండి. క్యాన్సర్ ఎముకలకు పాకిన మనిషికి రాత్రంతా కంటి మీద కునుకుండదు. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఎంతతో మొదలుపెట్టాలి, మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఎంత ఇవ్వాలి, కిడ్నీలు దెబ్బతింటే ఏం మార్చాలి, ఇదంతా లెక్క ప్రకారం చేసే వైద్యం. మార్ఫిన్ రాసిన చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయాలి. అది మరిచిపోతే నొప్పి తగ్గిన రోగి మలబద్ధకంతో అల్లాడతాడు. ఆయాసానికి, వాంతులకు, చివరి రోజుల కలవరానికి కూడా పద్ధతులున్నాయి. క్యాన్సర్ రోగులే కాదు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు పాడైనవాళ్లూ వస్తారు.

ఇక మాట్లాడటం. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. రోగిగా నటించే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, సీనియర్ చూస్తుండగా సాధన చేయిస్తారు. 'మీ జబ్బు గురించి ఇప్పటిదాకా మీకేం చెప్పారు?' అని అడిగి, ఆ తర్వాత నోరు మెదపకుండా వినాలి. బాగా చదివే పిల్లలకు కష్టమయ్యేది ఈ రెండోదే. మీ అమ్మాయి రేపు సర్జరీకి వెళ్లినా ఈ విద్య వృథా పోదు.

ఈ వైద్యం చివరి రోజులకే అన్నదీ అపోహే. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2010లో వెలువడింది. వాళ్లలో డిప్రెషన్ తక్కువగా ఉంది, ఆయుష్షు కూడా రెండు నెలలకు పైగా పెరిగింది.

కెరీర్‌గా ఇది కొత్త దారే. నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేసి, నలభైకి దగ్గరపడ్డాక డాక్టరైన సిసిలీ సాండర్స్, ఈ వైద్యానికి బాట వేస్తూ, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఈ బ్రాంచికి బ్రిటన్‌లో 1987లో, అమెరికాలో 2006లో గుర్తింపు వచ్చింది. కొన్ని దేశాల్లో నేరుగా పీజీ ఉంది, కొన్నిచోట్ల జనరల్ మెడిసిన్ లాంటిది పూర్తిచేసి ఫెలోషిప్‌కి (ఈ బ్రాంచిలో ప్రత్యేక శిక్షణకి) వెళ్లాలి. నన్నడిగితే రెండో దారే మేలు, మనసు మారినా చేతిలో ఇంకో డిగ్రీ ఉంటుంది. ఆపరేషన్లు చేసే బ్రాంచీలంత సంపాదన మాత్రం సాధారణంగా ఉండదు, ఆ సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి.

మనసు గురించి మీ టెన్షన్ న్యాయమైనదే. రెండు వారాలు చూసి నిర్ణయించుకోవద్దనండి. రోగుల ఇళ్లకు వెళ్లే టీమ్‌తో ఇంకో నెల, రెండు నెలలు తిరగనివ్వండి. ఈమధ్యే మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, ఆ దుఃఖం కాస్త తెరిపిన పడేదాకా ఆగడం మంచిది. సీటు తీసుకునే ముందు అక్కడి పీజీలనే అడగమనండి: ఒక రోగి చాలా బాధపడి పోయినప్పుడు, మర్నాడు డాక్టర్లు, నర్సులు కలిసి కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారా? 'అంత టైమెక్కడిది' అని జవాబొస్తే, పేరున్న చోటైనా సరే, వేరేది చూసుకోమనండి.