ఏడాదికోసారి సాంస్కృతిక దినోత్సవం జరిపితే చాలదా?

"మా తరగతిలో రకరకాల నేపథ్యాల పిల్లలున్నారు, ఏటా సాంస్కృతిక దినోత్సవం జరుపుతాం, ఇంకేం చెయ్యాలి?" అని ఓ టీచరు అడిగారు.

అది చాలదండీ. నేనూ అక్కడే ఆగిపోయినదాన్ని కాబట్టి చెబుతున్నా. వేరే ప్రాంతం నుంచి కొత్తగా చేరిన ఓ పిల్లాణ్ణి నిలబెట్టి, "మీ వాళ్ళ అలవాట్లు చెప్పు, అందరం విందాం" అన్నాను. గౌరవిస్తున్నాననే అనుకున్నా. వాడు తల దించుకుని మళ్ళీ ఎత్తలేదు. అందరిలో ఒకడిగా ఉండాలనుకున్నవాణ్ణి నేను ప్రదర్శనకు పెట్టాను.

అసలు సంగతి నాకు లెక్కల పీరియడ్‌లో బోధపడింది. నాలుగో తరగతి అమ్మాయి, కాగితం మీద గుణకారం వేస్తే ఎప్పుడూ తప్పే. వాళ్ళమ్మ బడికొచ్చినప్పుడు మాటల్లో తెలిసింది, ఇంట్లో కుట్టుపని లెక్కలన్నీ ఈ పిల్లే చూస్తుందని. మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను: "చొక్కాకు 7 గుండీలు. 16 చొక్కాలకు?" "పదింటికి 70, ఐదింటికి అందులో సగం 35, ఇంకోదానికి 7. మొత్తం 112." పుస్తకంలో విభాగ న్యాయం (సంఖ్యను ముక్కలు చేసి, విడివిడిగా గుణించి కలపడం) అని మేం తిప్పలు పడి చెప్పేది ఇదే! ఇన్నాళ్ళూ ఆ పిల్ల నోట్సులో ఇంటూలు పెట్టింది నేను.

ఇది మా తరగతి వింతేం కాదు. బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద పరిశోధకులు కరాహెర్ దంపతులు, ష్లీమన్ 1985లో ఒక అధ్యయనం ప్రచురించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పారు. అలాంటివే ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే.

అందుకే ఇప్పుడు ఏడాది మొదట్లో నేనడిగే ప్రశ్న పండుగల గురించి కాదు. "బడి అయ్యాక ఏం చేస్తావు? అది ఎవరు నేర్పారు?" చీటీ మీద రాయమంటాను, పైకి చదివించను. కొన్ని ఇళ్ళ సంగతులు నలుగురిలో చెప్పుకునేవి కావు. తమ్ముణ్ణి చూసుకోవడం, పాత రేడియో విప్పడం, నాయనమ్మకు ఉత్తరాలు చదివి పెట్టడం... నా లెక్కలు, వ్యాసాలు అక్కణ్ణుంచే పుడతాయి.

అలాగని ఇంటి పద్ధతి దగ్గరే వదిలేస్తే పిల్లలకు అన్యాయమే. అమెరికా విద్యావేత్త గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో, పిల్లల సంస్కృతిని ఆధారం చేసుకునే ఈ తరహా బోధనకు చెప్పిన మూడు షరతుల్లో చదువులో రాణించడం ఒకటి. ఆ గుండీల లెక్క చెప్పిన అమ్మాయికి నిలువు గుణకారమూ నేర్పాను. ఇప్పటికీ ముందు తన పద్ధతిలో వేసుకుని, నా పద్ధతితో సరిచూసుకుంటుంది.